సెయింట్ పెట్రోనిల్ సబ్ డిపో

రాష్ట్ర గోనెసంచుల సంస్థ ఎండీ గారు ఏదో శిక్షణకని మూడు రోజులు వెళ్ళి, అక్కడ గోడ మీద ఒక బొమ్మ చూసి వచ్చారు. బొమ్మలో రెండు కొబ్బరిచెట్లు, వాటి మధ్య తాళ్ళతో అల్లిన ఊయల, ఊయలలో కాళ్ళు బారజాపుకుని ఒక మొగుడూ పెళ్ళామూ. వెనకాల నీలంగా సముద్రం. సంతోషంగా ఉన్న ఉద్యోగి రెండింతలు పనిచేస్తాడని ఆ బొమ్మ పక్కన నిలబడ్డ కోటాయన చెప్పాడట. చెప్పినాయన చెప్పి వెళ్ళిపోయాడు గాని ఎండీ గారికి మాత్రం నిద్ర పట్టలేదు. వచ్చిన మర్నాడే ఉత్తర్వు వేశారు: "సదరు ఊయల ఎచ్చట గలదో విచారించి నివేదించగలరు."

మూడు సెక్షన్లు నాలుగు నెలలు విచారించాయి. మన కోనసీమలో కొబ్బరిచెట్లు లేవా, తాళ్ళు లేవా అని ఒక గుమాస్తా అమాయకంగా అడిగి, ఏజెన్సీ డిపోకి బదిలీ అయ్యాడు. ఆఖరికి తేలిందేమిటంటే, ఆ ఊయల కరీబియన్ సముద్రంలో సెయింట్ పెట్రోనిల్ అనే చిన్న దీవిలో, మిస్ ఆర్డెల్ అనే ఆవిడ నడిపే బసలో, పెరటి వైపు ఉంది. వెంటనే 'ఆనంద వికాస పథకం' పుట్టింది. సీనియారిటీ ప్రకారం ఏడాదికొక ఉద్యోగిని సతీసమేతంగా పది రోజులు ఆ ఊయలకు పంపాలి. వెళ్ళినవాళ్ళు ఏడు చూసి, ఏడు తిని, ఏడు చేసి, ఆ ఇరవై ఒకటీ ప్రొఫార్మాలో నింపి పంపాలి. ఒక్కొక్క అంశం ఎదురుగా పదికి ఎంత సంతోషం కలిగిందో వేయాలి. ఏడుకు తగ్గితే సంజాయిషీ రాయాలి.

సీనియారిటీలో మొదటి పేరు కొప్పిశెట్టి తాతారావుది. కాకినాడ ప్రాంతీయ కార్యాలయంలో గోనె తనిఖీదారు. ముప్ఫై ఒక్కేళ్ళ నుంచి సంచిని వెలుతురుకెత్తి పట్టుకుని చిల్లులు లెక్కపెట్టడమే ఉద్యోగం. భక్తుడంటే భక్తుడు, దేవుడికి కాదు, నిబంధనలకి. ఎక్కడికి వెళ్ళినా ముందు జాయినింగ్ రిపోర్టు ఇచ్చి గాని మంచినీళ్ళు పుచ్చుకోడు. పెళ్ళయిన కొత్తలో అత్తారింటి గుమ్మంలో కూడా మామగారి చేతిలో ఒక కాగితం పెట్టాడని భార్య నూకరత్నం ఇప్పటికీ చెబుతుంది. తాతారావు నవ్వుతాడే గాని ఖండించడు.

ఉత్తర్వు ఇంటికి తెచ్చి చూపించిన రోజున నూకరత్నం సంతోషించలేదు సరిగదా, పప్పుగుత్తి పట్టుకుని నిలబడిపోయింది.

"పెద్దపిల్ల పురిటికొచ్చి ఇంట్లో ఉంటే మనం ఊయలలూగడానికెళ్తామా? డాక్టరమ్మ ఇరవై అయిదో తారీకు చెప్పింది. మతుండే మాట్టాడుతున్నారా?"

"పదమూడుకల్లా వచ్చేస్తాం రత్నం. పన్నెండు రోజులు ముందే."

"రాననండి."

తాతారావు ఉత్తర్వు కింది పేరా చూపించాడు. 'ఆనందమునకు నిరాకరించుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును.'

నూకరత్నం కోపానికి పాత కారణం ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట పెద్దమ్మాయి లోవకుమారి పుట్టిన రోజున తాతారావు తుని డిపోలో జాయినవుతున్నాడు. రిలీవరు రాలేదు. పదకొండో రోజుకి గాని పిల్ల మొహం చూడలేదు. ఆ పదకొండు రోజులూ నూకరత్నం ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుంది. తాతారావూ మరిచిపోలేదు, కాకపోతే పైకి అనడు.

"లోవ పురుడుకి నేనుంటాను," అన్నాడు. "కూతురు పుట్టినప్పుడు లేను. దాని బిడ్డ పుట్టినప్పుడు గుమ్మంలోనే ఉంటాను. మాట."

నూకరత్నం చెల్లెల్ని లోవకి తోడుంచి, బయల్దేరారు.

*

మూడు విమానాలు మారి మూడో తారీకు పొద్దున దిగారు. మిస్ ఆర్డెల్ అరవై ఏళ్ళ నల్లటి నిండైన మనిషి. కొబ్బరిబొండాలు కొట్టి ఎదురొచ్చింది. తాతారావు బొండాం పట్టుకున్నాడు గాని తాగలేదు. పెట్టె ఇంకా కింద పెట్టకుండానే ఫోనులో ఇంటర్నెట్టు ఎలా వస్తుందో అడిగి, చెట్టు కింద నిలబడి టైపు చేశాడు: 'తమరి ఉత్తర్వుల మేరకు నేను ఈ దినము పూర్వాహ్నము సెయింట్ పెట్రోనిల్ నందు జాయినైతినని వినయపూర్వకముగా మనవి.' పంపాక గాని బొండాం ఎత్తలేదు.

ఇక ప్రొఫార్మా మొదలైంది.

'చూచుట' భాగంలో ఒకటో అంశం సూర్యాస్తమయం. చూడటానికేం, సూర్యుడు రోజూ ఎలాగూ మునుగుతాడు. కాని మునిగినట్టు గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. ఆ దీవిలో గెజిటెడ్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. మిస్ ఆర్డెల్ ఆలోచించి ఆలోచించి, పోస్టుమాస్టరు బెంబ్రిజ్‌ని తీసుకొచ్చింది. ఆయన నియామకం ఇరవై రెండేళ్ళ కిందట సర్కారు గెజెట్టులో పడిందట. ఆ ముక్క పటం కట్టించుకుని గోడకి పెట్టుకున్నాడు. తన సంతకానికి ఇంత విలువిచ్చే మనిషి భూగోళం అవతల నుంచి వచ్చాడని తెలిసి బెంబ్రిజ్ కళ్ళు చెమర్చాయి. నిక్కరు మీద టై కట్టుకుని, రబ్బరు స్టాంపుతో, రోజూ సాయంత్రం అయిదున్నరకి ఒడ్డున హాజరయ్యేవాడు.

మొదటి రోజున మబ్బు పట్టింది. బెంబ్రిజ్ నిజాయితీపరుడు గనక 'సూర్యుడు పాక్షికంగా అస్తమించెను' అని రాసి స్టాంపు వేశాడు. రెండు రోజుల్లో హెడ్డాఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. 'సూర్యుడు పాక్షికముగా అస్తమించుట ఎట్లు సాధ్యము? మిగిలిన భాగము ఎప్పుడు అస్తమించెను? వివరణ పంపగలరు.'

"ఈ కాయితాల మధ్యన సముద్రం కనపడ్డం లేదు నాకు," అంది నూకరత్నం.

'తినుట'లో నిప్పుల మీద కాల్చిన సీమపనస తిన్నారు. తోటకూరలాంటి ఆకుతో కొబ్బరిపాలు పోసి చేసిన చిక్కటి పులుసు తిన్నారు. మొక్కజొన్నపిండిలో బెండకాయలు పడేసి తెడ్డుతో తిప్పిన ముద్దా, దాని మీద ఎగిరే చేప వేపుడూ తిన్నారు. చేప రెక్కలు చూసి నూకరత్నం, "ఇది చేపో పిట్టో తేల్చుకోలేక మధ్యలో ఆగిపోయింది పాపం," అంది. మిస్ ఆర్డెల్ పసుపుపచ్చని మిరపకాయల పచ్చడి పెట్టింది. గొంతులో నిప్పు పడ్డట్టయి తాతారావు కళ్ళ నీళ్ళు పెట్టుకుని, సంతోషం కాలమ్‌లో పదికి పది వేశాడు. అది ఒక్కటే అతను మనస్ఫూర్తిగా వేసిన మార్కు.

శంఖం మాంసం దగ్గర మాత్రం నూకరత్నం మొండికేసింది. "పూజలో ఊదే శంఖాన్ని కూర వండుకుంటారా? చచ్చినా ముట్టను," అంది. లబ్ధిదారు తినకపోతే అంశం పూర్తికాదు. తాతారావు ఆవిడ వంతు కూడా తానే తిని, 'సతి పక్షమున పతి భుజించెను' అని రాశాడు.

రమ్ములో నానబెట్టిన కేకు దగ్గర ఇంకో చిక్కొచ్చింది. ఉద్యోగి మద్యం ముట్టకూడదని ప్రవర్తనా నియమావళి. ఉద్యోగి ఈ కేకు తినాలని ప్రొఫార్మా. ఒక చెంప నిబంధన, రెండో చెంప ఉత్తర్వు. తాతారావు స్పష్టత కోరాడు. 'సదరు పదార్థము తినుట భాగమున ఉన్నందున త్రాగుటగా పరిగణింపరాదు. అయితే తిన్న పిమ్మట తూలరాదు' అని జవాబొచ్చింది. తూలకుండా తిన్నాడు.

'చేయుట' భాగంలో సముద్రం అడుగున చేపలు చూడాలి. కళ్ళకి అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని మునిగాడు. పచ్చవీ నీలివీ చారలవీ గుంపులు గుంపులుగా ఎదురొచ్చాయి. అలవాటు చొప్పున లెక్కపెట్టాడు. 'మొత్తం నలభై రెండు. చిరిగినవి, చిల్లులు పడినవి లేవు' అని రాశాడు. అడ్డంగా కట్టిన వెదురుబొంగు కింద నుంచి వెనక్కి వంగి దాటే ఆట ఇంకొకటి. ఊళ్ళో కుర్రాళ్ళు దాటలేక పడిపోతుంటే తాతారావు మోకాలెత్తు బొంగు కింద నుంచి అవలీలగా దాటి అవతల లేచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడ నేర్చుకున్నావని బెంబ్రిజ్ అడిగాడు.

"ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసండి," అన్నాడు తాతారావు.

ఆఖరి అంశం ఊయలలో గంటసేపు ఏమీ ఆలోచించకుండా పడుకోవడం. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదంటారు గాని, తాతారావుకి ఊరుకోవడం చేతకాదు. ఏమీ ఆలోచించకూడదని ఆలోచిస్తూ, ఆలోచిస్తున్నట్టు తెలిస్తే అంశం రద్దవుతుందేమోనని భయపడుతూ, చెమటలు కక్కాడు. పక్కన నూకరత్నం మాత్రం, పాపం, పది నిమిషాలు నిజంగానే నిద్రపోయింది. పెళ్ళయ్యాక పగటిపూట ఆవిడ నిద్రపోగా తాతారావు చూడటం అదే మొదలు. బాగుంది అనిపించింది. ఆ సంగతి రాయడానికి కాలమ్ లేదు.

*

ఆరో రోజు పొద్దున్నే హెడ్డాఫీసు ఉత్తర్వు వచ్చింది. ఒకటికి మూడుసార్లు చదివి, తాతారావు కాకినాడకి ఫోను చేశాడు. అక్కడ సాయంత్రం అయిదు. సూపరింటెండెంటు భానోజీరావు గొడుగు తీసుకుని ఇంటికి బయల్దేరబోతున్నాడు.

"ఇదేంటండీ భానోజీరావు గారూ? తిరుగు టికెట్లు రద్దు చేశారంట?"

"మరి చేయరాండీ? మీరు అక్కడ జాయినయ్యారా లేదా?"

"దిగానండి."

"దిగడం వేరు, జాయినవడం వేరండి. దిగినోడు మళ్ళీ ఎక్కొచ్చు. జాయినైనోడు రిలీవవ్వాలి. పూర్వాహ్నం జాయినైతినని మీ చేత్తో మీరే రాశారు. రికార్డులో ఎక్కిపోయింది. ఇక్కడ మీ కుర్చీ ఖాళీ అయింది. ఇన్‌ఛార్జిని కూచోబెట్టేశాం."

"అక్కడ మన ఆఫీసే లేదు కదండీ!"

"మీరున్నారు కదా. జాయినైన ఉద్యోగి ఉన్నచోట ఆఫీసు లేదంటే, సంస్థకి ఎంత అప్రతిష్ఠ? సెయింట్ పెట్రోనిల్ సబ్ డిపో అని మంజూరు చేశారు. బోర్డు రాయిస్తున్నారు."

తాతారావు అక్కడే ఇసకలో కూచున్నాడు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది.

"మరి నేను నింపిన ప్రొఫార్మా?"

"అదీ కొట్టేశారండి. ఆనందం హెడ్‌క్వార్టర్సు వదిలి పొందాలని రూలు. ఇప్పుడు మీ హెడ్‌క్వార్టర్సు అదే గదా. సొంతూళ్ళో చేసిన స్నానం స్నానమే గాని విహారం ఎలా అవుద్ది? మీరు తిన్న చేప మామూలు భోజనం కింద జమ. మీ ఆనందం పదికి పది రోజులూ అలాగే మిగిలుంది, దిగులుపడకండి."

"నన్నెవరు రిలీవు చేస్తారండి?"

"ఎవరో ఒకరొచ్చి ఛార్జి తీసుకోవాలి. నలభై ఏడు దరఖాస్తులొచ్చాయి. అందరికీ రావాలనే ఉంది. సీనియారిటీ మీద కోర్టుకెళ్ళారు, స్టే ఇచ్చారు. ఇప్పట్లో ఎవరూ రారు." భానోజీరావు గొంతు కొంచెం తగ్గించాడు. "లోవమ్మ ఎలాగుందండి?"

తాతారావు ఫోను పెట్టేశాడు.

నూకరత్నానికి చెబితే ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. ఇద్దరి టికెట్లూ ఒకే ఉత్తర్వు మీద ఉండటం వల్ల ఆవిడదీ రద్దయింది. సొంతంగా కొనాలంటే ఇల్లు అమ్మినా ఒక సముద్రం దాటొచ్చు, రెండోది దాటలేరు.

"ఇంకో పదకొండు రోజులన్నమాట," అంది ఆఖరికి. తుని సంగతి ఎత్తుతోందని తాతారావుకి తెలుసు. తల దించుకున్నాడు.

సబ్ డిపో పని మాత్రం ఆగలేదు. దీవిలో గోనెసంచులెన్నో నివేదించమన్నారు. దీవి మొత్తం మీద గోనెసంచి ఒకటే ఉంది. అందులో మిస్ ఆర్డెల్ జాజికాయలు పోసుకుంది. తాతారావు దాన్ని ఖాళీ చేయించి, వెలుతురుకెత్తి, చిల్లులు లెక్కపెట్టి పంపాడు. బెంబ్రిజ్ స్టాంపు వేశాడు. వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది: రాష్ట్రంలోని అన్ని డిపోలలోకీ నూటికి నూరు శాతం తనిఖీ పూర్తిచేసిన డిపో ఇదొక్కటేనట.

*

పద్నాలుగో తారీకున వంటింటి అరుగు మీద నూకరత్నం, మిస్ ఆర్డెల్ కూచుని సీమపనస చెక్కు తీస్తున్నారు. ఈవిడ తెలుగులో చెబుతుంది, ఆవిడ తన ఇంగ్లీషులో జవాబిస్తుంది. మధ్యలో భాష అడ్డం రాలేదు. ఇద్దరికీ కూతుళ్ళున్నారు. మిస్ ఆర్డెల్ అడిగిందేమిటంటే, మీరు సెలవు పుచ్చుకుని ఇక్కడికొస్తారు, మరి ఇక్కడివాళ్ళం మేం సెలవు పుచ్చుకుంటే ఎక్కడికి పోవాలి అని.

నూకరత్నం చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఏవండోయ్!" అని పెరట్లోకి కేకేసింది. "మీరిప్పుడు ఈ ఊరోళ్ళే కదా?"

"రికార్డు ప్రకారం అంతే."

"మీ ఆనందం పది రోజులూ మిగిలుందన్నారు కదా?"

"అన్నారు."

"ఈ ఊరోళ్ళకి పరాయి దేశం, సముద్రం పక్కన, కొబ్బరిచెట్లుండేది, చేపలు దొరికేది ఏదైనా ఉంటే అక్కడికి పంపుతారా పంపరా?"

తాతారావు నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూయకుండానే వెళ్ళి దరఖాస్తు టైపు చేశాడు. 'ఆనంద వికాస పథకము క్రింద, నా హెడ్‌క్వార్టర్సుకు సుదూరమున, సముద్రతీరమున గల కాకినాడ అను ప్రదేశమును సతీసమేతముగా సందర్శించుటకు అనుమతి కోరుచున్నాను.'

ఎండీ గారు పరమానందభరితులయ్యారట. ఉద్యోగి తానై ఒక గమ్యస్థానాన్ని ప్రతిపాదించడం పథకం చరిత్రలో మొదటిసారి. అయితే ఒక కొర్రీ వేశారు. 'కాకినాడ విహారయోగ్యమా? చూచుటకు ఏడు, తినుటకు ఏడు, చేయుటకు ఏడు అచ్చట గలవా? స్థానిక కార్యాలయము ధ్రువీకరించవలెను.'

స్థానిక కార్యాలయం అంటే భానోజీరావే. మర్నాడు ఆయనే ఫోను చేశాడు.

"తాతారావు గారూ, తినేవి రాసేశానండి. కాజా, పెసరట్టుప్మా, పీతలిగురు, పనసపొట్టు కూర, ఎక్కువే ఉన్నాయి, కొన్ని కొట్టేయాల్సొచ్చింది. చూసేవి కూడా లాగాను. ఉప్పాడ తీరం, కోరంగి మడ అడవులు, లైట్‌హౌసు. చేసేవే దొరకట్లేదు. ఇరవై ఏళ్ళ నుంచి ఈ ఊళ్ళో నేనేం చేస్తున్నానో గుర్తొస్తే మీకేమైనా చెబుదామని చూస్తన్నాను, ఏమీ గుర్తురావట్లేదు."

"బీచిలో వేరుశనక్కాయలు తింటాం కదండీ."

"అది తినుటలోకి పోద్దండి."

"ఒలుస్తాం కదా. ఒలుచుట రాయండి."

"అబ్బ!" అన్నాడు భానోజీరావు. "ఇంకో ఆరు చెప్పండి."

చెప్పాడు. పడవెక్కుట, అలల్లో కాళ్ళు తడుపుకొనుట, చుట్టాలింటికి పోయి ఇన్నాళ్ళూ రానందుకు తిట్లు తినుట. చివరిది తినుటలోకి పోతుందా చేయుటలోకి పోతుందా అని ఇద్దరూ కాసేపు మథనపడి, చేయుటలోనే ఉంచారు. పద్దెనిమిదో తారీకున మంజూరైంది. మిస్ ఆర్డెల్ ఇద్దర్నీ కావలించుకుని ఏడ్చింది. బెంబ్రిజ్ విమానాశ్రయం దాకా వచ్చి, వాళ్ళు దీవి వదిలినట్టు ధ్రువీకరించి స్టాంపు వేశాడు.

*

ఇరవై ఒకటో తారీకున కాకినాడలో దిగారు. నూకరత్నం ఆటో దిగీ దిగగానే కూతురి దగ్గరికి పరుగెత్తింది. తాతారావు వెళ్ళలేదు, విహారయాత్రికుడు సొంతింట్లో బస చేయరాదని నిబంధన. తన వీధికి రెండు వీధుల అవతల ఒక లాడ్జిలో గది తీసుకుని, కిటికీలోంచి తన ఇంటి డాబా మీద ఆరేసిన తన పంచెనే చూస్తూ కూచున్నాడు. పొద్దున పర్యాటకుడిలా ఇంటికెళ్ళి, కూతుర్ని చూసి, రాత్రి భోజనం వేళకి మళ్ళీ లాడ్జికి పోయేవాడు. ఇరుగుపొరుగు వాళ్ళు మొగుడూ పెళ్ళాలకి గొడవయిందని అనుకున్నారు.

దిగినట్టు రాయవలసిన కాగితం ఆటోలోనే రాసి జేబులో పెట్టుకున్నాడు. ఊళ్ళోనే ఆఫీసున్నప్పుడు చేతికే ఇవ్వాలని రూలు, ఇద్దామంటే అప్పటికే ఆఫీసు మూసేశారు, ఆ పైన రెండు రోజులు వరస సెలవులు. మూడో రోజు, ఇరవై నాలుగు, ఉప్పాడలో సూర్యోదయం చూడాలని కార్యక్రమం. భానోజీరావు సాక్షిగా వస్తానన్నాడు. తెల్లవారుజామున నూకరత్నం చెల్లెలు లాడ్జి తలుపు దబదబ బాదింది.

"బావగోరూ! లోవకి నొప్పులొచ్చేత్తన్నాయి! ఆసుపత్రికి తీసుకెల్లిపోయారు!"

తాతారావు చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. చెప్పులు మరిచిపోయాడు. ప్రొఫార్మా మాత్రం, ముప్ఫై ఒక్కేళ్ళ అలవాటు కదా, చేతిలోకి దానంతటదే వచ్చేసింది.

ఆరుంబావుకి తలుపు తెరుచుకుంది. నర్సమ్మ ఒక తెల్లటి గుడ్డమూట తెచ్చి, "తాతగారెవరు? పట్టుకోండి. ఆడపిల్ల," అంది. తాతారావు పట్టుకున్నాడు. గోనెసంచి పట్టుకున్న చేతులకి ఇంత తేలికైనది ఎలా పట్టుకోవాలో తెలియలేదు. పిల్ల ఒక కన్ను తెరిచి, చూసి, నచ్చనట్టు మూసేసింది. తాతారావు బావురుమన్నాడు. నూకరత్నం పక్కన నిలబడి అతని చెయ్యి మీద చెయ్యి వేసింది. ఏమీ అననక్కర్లేకుండా పోయినందుకు ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది.

భానోజీరావు ఉప్పాడలో అతని కోసం చూసి చూసి, అడ్రసు కనుక్కుని ఆసుపత్రికి వచ్చాడు. "సూర్యోదయం అయిపోయిందండి," అన్నాడు దిగులుగా. "ఏం రాద్దాం?"

తాతారావు ప్రొఫార్మా తిరగేశాడు. చూచుట, తినుట, చేయుట, ఇరవై ఒక్క అంశాలూ కిందికీ పైకీ చదివాడు. ఇది రాయడానికి గడి లేదు. సర్వీసు మొత్తం మీద మొదటిసారి అతనికి ఒక ప్రొఫార్మా మీద ఒళ్ళుమండింది. మడిచి జేబులో కుక్కాడు. అదే జేబులో దిగినట్టు రాసిన కాగితం ఉంది. ఆ తరవాత అయిదు నిమిషాల్లో పాప తాతగారి గుండెల మీద పడుకుని, చేయవలసిన పని చేసేసింది. చొక్కా, జేబు, జేబులోని కాగితాలూ ముద్దయిపోయాయి.

"మళ్ళీ రాసి ఇస్తాను," అన్నాడు తాతారావు కంగారుగా.

"రాయకండి," అంది నూకరత్నం.

"దిగినట్టు రిపోర్టు ఇవ్వకపోతే ఎలా రత్నం?"

"ఇచ్చినందుకు ఏమైందో చూశారు కదా. ఇవ్వకపోతే ఏమవుద్దో ఈసారి చూద్దాం."

తాతారావు భానోజీరావు వైపు చూశాడు. భానోజీరావు కిటికీలోంచి బయటికి చూశాడు.

*

ముప్ఫయ్యో తారీకుతో ఆనందం గడువు తీరింది. డిసెంబరు ఒకటిన హెడ్డాఫీసు ఉత్తర్వు వచ్చింది. 'శ్రీ తాతారావు తక్షణమే తన హెడ్‌క్వార్టర్సయిన సెయింట్ పెట్రోనిల్ చేరి విధులకు హాజరు కావలెను. అచ్చట గోనెసంచి తనిఖీ పెండింగులో పడియున్నది. కాకినాడలో దిగిన తేదీ నుండి లెక్కించి ప్రయాణపు టికెట్టు జారీ చేయబడును.' దాన్ని స్వయంగా చేతికిచ్చి సంతకం తీసుకోవలసిన పని భానోజీరావు మీద పడింది. నడినెత్తిన ఎండలో గొడుగేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

నూకరత్నం గేటుకి అడ్డం వచ్చింది.

"ఆయన ఇంకా రాలేదండి."

భానోజీరావు ఆవిడ భుజం మీంచి చూశాడు. పది అడుగుల దూరంలో, వీధరుగు మీద, లుంగీ బనీనుతో తాతారావు కాళ్ళు చాపుకుని కూచున్నాడు. కాళ్ళ మీద పాప. నలుగు పెడుతున్నాడు. ముక్కు నిటారుగా రావాలని వేలితో నొక్కుతూ, ఏదో అర్థంలేని పాట పాడుతున్నాడు.

"రాలేదా అమ్మా?"

"లేదండి. దారిలో ఉన్నారు."

నిబంధనల పుస్తకం భానోజీరావుకి కంఠతా వచ్చు. దీవి వదిలినట్టు బెంబ్రిజ్ స్టాంపు ఉంది. కాకినాడలో దిగినట్టు కాగితం లేదు. ఒకచోట వదిలి, ఇంకోచోట దిగని మనిషి ప్రయాణంలో ఉన్నట్టు లెక్క. దిగని మనిషిని దిగిన తేదీ నుంచి లెక్కించి పంపడం ఎవరి తరమూ కాదు. ప్రయాణంలో ఉన్నవాణ్ణి బదిలీ చేయడానికీ, సంజాయిషీ అడగడానికీ సంస్థ నిబంధనల్లో ఎక్కడా వీల్లేదు. దారి ఎంత దూరమో కూడా ఎవరూ రాయలేదు.

"దిగినట్టు రిపోర్టు ఇవ్వలేదు గదా?" అని మళ్ళీ అడిగాడు.

"ఇవ్వలేదండి."

"అయితే దిగనట్టే." జేబులోంచి పెన్ను తీసి, ఉత్తర్వు వెనకాల గేటు మీదే పెట్టి రాశాడు: 'చిరునామాదారు ప్రయాణమున ఉన్నందున అందజేయుటకు వీలుపడలేదు.' కింద సంతకం చేశాడు. తరవాత గొడుగు ముడిచి, లోపలికొచ్చి, తాతారావు పక్కనే అరుగు మీద కూచున్నాడు. నూకరత్నం కాఫీ తెచ్చింది. ఆయన కాఫీ తాగుతూ పాప ముక్కు ఎవరి పోలికో చూసి, నుదురు మాత్రం లోవమ్మదేనని తేల్చాడు. తాతారావు అవునన్నట్టు తల ఊపాడు.

గ్లాసు కింద పెట్టి లేచాడు భానోజీరావు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"తాతారావు గారూ!" అని పిలిచాడు, ఆఫీసు గొంతుతో, గట్టిగా.

ముప్ఫై ఒక్కేళ్ళుగా అలాంటి గొంతు వినగానే లేచి నిలబడి చిత్తమన్న మనిషి తాతారావు. మోకాళ్ళు వాటంతటవే కదలబోయాయి. కాళ్ళ మీద పాప నిద్రలోకి జారుకుంటోంది. తాతారావు కదలలేదు, తల ఎత్తలేదు, పలకలేదు.

"నిజమేనమ్మా, ఇంకా రాలేదు," అని నూకరత్నంతో చెప్పి, భానోజీరావు గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.